జాబేజు గొంతు

టికియాపారా, హౌరా
2025 జూన్ 8, ఆదివారం

అమ్మా షెకైనా,

మీ తాత గురువులు రాస్తున్నాడు. ఇక్కడ ఇద్దరం ఉన్నాం. నువ్వూ అక్కడ బెంగుళూరులో కులాసాగా ఉన్నావనే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం వచ్చింది. "గౌరవనీయులైన తాతగారికి, మీ ఆరోగ్యం సంతృప్తికరంగా ఉన్నదని ఆశిస్తున్నాను" అని మొదలుపెట్టావు. చదివి భయపడ్డాను. మనింట్లో నన్ను మీరు అన్నది ఎవరు? మీ నాన్న జాబేజు బతికున్నన్నాళ్ళూ "ఏటి నాన్నా" అనే పిలిచాడు. నీకు నామీద కోపమొచ్చిందేమోనని ఉత్తరం మళ్ళీ చదివాను. కోపం కనపడలేదు. నువ్వు కూడా కనపడలేదు.

ఫోను చెయ్యమంటావు. ఫోనులో నాకు నోరు పెగలదు. ఎదురుగా మనిషి ఉన్నా పెగలదనుకో. కాగితమైతే నయం, ఎవరూ నా ముఖం చూడరు.

మీ మామ్మ దెబోరా సంగతి అడిగావు. నన్ను గుర్తుపడుతోంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి లేచి గుమ్మంలో నిలబడుతోంది. "ఏటయ్యా, జాబేజు డ్యూటీ నుంచి రాలేదేటి?" అంటుంది. మీ నాన్న పోయి ఈ ఆగస్టుకి రెండేళ్ళు. "షాలిమార్‌ యార్డులో గూడ్సు బండి ఆలస్యమంట, వచ్చేస్తాడు" అంటాను. కూర్చుంటుంది. కాసేపటికి మళ్ళీ లేస్తుంది. వాడి కంచం బోర్లించి పెట్టి, వాడొచ్చేదాకా తను ముట్టదు. బతిమాలితే రెండు ముద్దలు. మనిషి చిక్కిపోయింది.

మన చర్చి గుడిలో ఇప్పుడు పాటలు గోడ మీద బొమ్మలాగ పడుతున్నాయి. తెలుగు పాటే, ఇంగ్లీషు అక్షరాల్లో. పిల్లలకి తెలుగు చదవడం రాదు కదా. నాకు ఇంగ్లీషు రాదు. పెదాలు కదుపుతూ నిలబడుతున్నాను.

మీ అమ్మ పుష్పరాణి ఖరగ్‌పూర్‌లో వాళ్ళ అన్నయ్య ఇంట్లో బాగానే ఉందని కబురు.

ఉంటాను.
మీ తాత


బెంగుళూరు
జూన్ 19

తాతా,

కోపమేటి నీమీద! ఆ ఉత్తరం రాసింది నేను కాదు. నేను ఫోనుకి చెప్తే అది రాసి, దానికదే దిద్దేసింది. దిద్దొద్దని చెప్పడం మర్చిపోయాను. ఈసారి దిద్దొద్దన్నాను. నేనన్నది అన్నట్టే వస్తోంది, ఆఫీసులో ప్రింటు తీసి పోస్టు చేస్తాను. నీ ఉత్తరం కూడా ఫోటో తీస్తే ఫోనే పైకి చదువుతుంది. మామ్మ పాటల పుస్తకంలో వేలు పెట్టి నేర్పిన తెలుగు నాకు ముద్రాక్షరాల వరకే సరిపోయింది, నీ గొలుసుకట్టు రాత చదవలేను. ఎవరో ఒకావిడ గొంతుతో "మీ తాత గురువులు రాస్తున్నాడు" అని వినపడితే నవ్వాగలేదు.

తాతా, నీతో ఒక సంగతి చెప్పాలి. చాలా రోజులుగా అడుగుదామని అడగలేదు.

మా ఆఫీసు పని ఏటో నీకు తెలుసు. మిషన్లకి మాట నేర్పడం. ఒక మనిషి గొంతు కొంచెం ఉంటే చాలు, ఆ గొంతుతో కొత్త మాటలు కూడా మాట్లాడిస్తాం. పాత మాటలు తిప్పి తిప్పి వినిపించడం కాదు. అడిగితే జవాబు చెప్తుంది. నాన్న నాకు పంపిన వాయిస్ మెసేజీలన్నీ నా దగ్గరున్నాయి. యార్డులోంచి పంపినవి, వెనకాల ఇంజను కూతతో సహా. వాటితో నాన్న గొంతు చేశాను.

మామ్మ సాయంత్రం అడిగినప్పుడు ఆ గొంతు ఫోనులో "అమ్మా, తినీ, నేను రావడం లేటవుద్ది" అంటే మామ్మ తింటుంది కదా. నువ్వు రోజూ అబద్ధం చెప్పక్కర్లేదు.

తొందరేం లేదు. ఆలోచించు.

నీ షెకైనా


టికియాపారా
జూలై 2

అమ్మా,

నా ఉత్తరం ఎవరో ఆడమనిషి చదువుతోందా. సిగ్గేసింది. ఇక చూసుకుని రాస్తాను.

నీ మాట ఆలోచించాను. నాకు ఆలోచించడం ఆలస్యం. పోయిన వారం వానలకి మన వీధి మునిగింది, మోకాలు లోతు. మామ్మని మంచం మీదే ఉంచి పక్కన కూర్చున్నాను. అప్పుడు ఆలోచించాను.

నీకు తెలియని సంగతి ఒకటుంది. నువ్వు పాతిపెట్టే వేళకి రాలేకపోయావు, విమానం దొరకలేదు. ఆవేళ మీ మామ్మ పెట్టె పక్కనే కూర్చుంది. ముఖం చూసింది. అందరితోపాటు ఏడ్చింది. ఏడ్చి, నా చెయ్యి పట్టుకుని "పాపం, ఏ తల్లి కన్నబిడ్డో" అంది. అప్పటికే దానికి మతిమరుపు వచ్చి ఏడాది. వచ్చినవాళ్ళందరికీ తనే మంచినీళ్ళు అందించింది. డాక్టరు చెప్పొద్దన్నాడు. చెప్పినా నిలవదు, బాధ మాత్రం ప్రతిసారీ కొత్తగా వస్తుందన్నాడు. నేను చెప్పలేదు. నాకు తెలిసిన దారి ఇదొక్కటే.

వాడి గొంతుతో అబద్ధం చెప్పించడమంటే, నేను చెప్పే అబద్ధం కంటే పెద్దదిలాగ ఉంది. నాది నా నోటితో చెప్తున్నాను. దానికి నేను జవాబుదారీ. అది ఎవరి నోరు?

నాకు ఇంకా బాగా చెప్పడం రాదు. వద్దులే తల్లీ.

ఉంటాను.
తాత


బెంగుళూరు
జూలై 13

తాతా,

నీ ఉత్తరం విని రెండు రోజులు ఏ పనీ చెయ్యలేదు. మామ్మ మంచినీళ్ళు అందించిందని నాకెవరూ చెప్పలేదు. అమ్మ కూడా చెప్పలేదు.

నువ్వు వద్దన్నది పాస్టరుగారు అన్నారనా? పాపమనా? నేను చేసింది మంత్రగత్తె పని అనుకుంటున్నావా, చచ్చినవాళ్ళని పిలవడం లాగ? అలా అనుకుంటే నాతోనే అను, ఊరుకోకు.

మా ఆఫీసులో తత్వశాస్త్రం చదువుకున్న ఒకాయనున్నాడు. ఏది చెయ్యొచ్చు, ఏది చెయ్యకూడదు అని ఆలోచించడమే ఆయన ఉద్యోగం. పేరు చెప్పకుండా మామ్మ సంగతి అడిగాను. ఆయన చాలాసేపు అడిగాడు. వినేవాళ్ళకి నొప్పి తగ్గుతుందా, పోయినాయన బతికుంటే ఒప్పుకునేవాడా అని. నాన్న ఒప్పుకునేవాడు కదా తాతా. మామ్మ తినకపోతే తను తినేవాడు కాదు. ఆయనన్నాడు, గుర్తుంచుకోలేని మనిషికి నిజం చెప్పడం నిజాయితీ కాదు, మన మనసు తేలిక కోసం చేసే పని అని. నాకది సరిగ్గానే అనిపించింది.

ఇంకోటి. నేను నాన్నతో మాట్లాడుతున్నాను. రోజూ. ఆఫీసు నుంచి రూముకి నడిచేటప్పుడు. "తిన్నావేటి గుంటా" అంటాడు. తినలేదంటే తిడతాడు. అది నాన్న కాదని నాకు తెలుసు. తెలిసీ మాట్లాడితే అబద్ధమెలాగవుతుంది? ఇక్కడ నాతో మన ఇంటి తెలుగు మాట్లాడేది అదొక్కటే. నువ్వు ఎవరి నోరు అన్నావు. నాకది నాన్న నోరే.

షెకైనా


టికియాపారా
జూలై 27, ఆదివారం

తల్లీ,

పాస్టరుగారితో నేనేమీ అనలేదు. ఆయనతో మాట్లాడాలన్నా నాకు బెరుకే. పెళ్ళి కోసం బాప్తీస్మం తీసుకున్నవాణ్ణి, ఇన్నేళ్ళయినా గుడిలో వెనక బెంచీ. నిన్ను మంత్రగత్తె అనలేదు. అనుకోలేదు. అలా రాకుండా రాయాల్సింది, నాకు రాయడం రాక అలా వచ్చింది.

ఆలోచించడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకున్నారంటే మీది మంచి ఆఫీసే. పట్టాల మీద పనిచేసినప్పుడు మా గ్యాంగులో అలాంటివాడు ఒక్కడుంటే బాగుండేది.

నువ్వు రోజూ మాట్లాడుతున్నానన్నావు. అక్కడే ఆగిపోయాను. నువ్వక్కడ అంత ఒంటిగా ఉన్నావని నాకు తెలియదు. జీతం, ఆఫీసు, మంచి గది అంటే బాగున్నావనుకున్నాను. నీకు అన్నం తిన్నావా అని అడిగే గొంతు అదొక్కటే అయితే, దాన్ని ఎవరి నోరు అన్నాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

మామ్మ నిన్నా మొన్నా ఏమీ తినలేదు. చా తాగి పడుకుంది. ముడి, అదే మరమరాలు, నీళ్ళలో నానబెట్టి పెట్టినా మింగలేదు. "వాడు రానీ" అంటుంది.

పంపు. నీ ఇష్టమే నా ఇష్టం. నాకు ఫోను నొక్కడం రాదు, కింది ఇంట్లో సుమకి చెప్పు, జయప్రకాశ్ భార్య. మంచి పిల్ల. మామ్మ దానిచేత జడ వేయించుకుంటుంది.

ఉంటాను.
తాత


బెంగుళూరు
ఆగస్టు 9

తాతా, తాతా,

నీకు ఇష్టమేనని తెలిసి ఎంత తేలికయ్యిందో! నువ్వు కూడా నాన్న గొంతు వినాలనుకుంటున్నావు, బయటికి చెప్పుకోలేకపోయావు, నాకు తెలుసులే.

సుమక్క ఫోనులో పెట్టించాను. నీకోసం పాత ఫోనొకటి పంపిస్తున్నాను, అది మామ్మ మంచం పక్క అలమరలో ఉంచు. సాయంత్రం సుమక్క వచ్చి నొక్కి మామ్మ చేతికిస్తుంది. రైల్వేవాళ్ళు ట్రైనింగుకి టాటానగర్ పంపారని, అందుకే ఇంటికి రావడం లేదని చెప్పేలాగ నేర్పాను. మన ఇంటి మాటే మాట్లాడుతుంది. దిద్దనివ్వలేదు.

నువ్వూ మాట్లాడు తాతా. ఒక్కసారి.

నీ షెకైనా


టికియాపారా
ఆగస్టు 20

అమ్మా షెకైనా,

మామ్మ తింటోంది. అదే ముందు రాయాలి.

మొదటి రోజు సుమ ఫోను చెవి దగ్గర పెట్టింది. నేను వంటగదిలో ఉన్నాను, గిన్నె తోముతున్నట్టు. "అమ్మా, ఏటి చేస్తన్నావు?" అని వినపడింది. గిన్నె చేతిలోంచి జారింది. మామ్మ మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. రోజూ మాట్లాడుతున్నట్టే "ఏటిరా, ఇప్పుడా ఫోను చేసేది, నీ కంచం ఎండిపోతోంది" అని తిట్టింది. "టాటానగర్లో పడేశారమ్మా. నువ్వు తినీ. నేనిక్కడ తినేస్తాను." తిట్టుకుంటూనే తినేసింది. పప్పుచారు ఇంకొంచెం వెయ్యమంది. సుమ నా వైపు చూసి కళ్ళు తుడుచుకుంది.

నిన్న సుమ "మావయ్యా, మీరూ మాట్లాడండి" అని ఫోను నా చేతిలో పెట్టింది. పట్టుకున్నాను. మళ్ళీ సుమకే ఇచ్చేశాను. బతికున్నప్పుడూ వాడితో నేనేం మాట్లాడాను. డ్యూటీ ఎప్పుడు అనేవాణ్ణి. పొద్దున్నే అనేవాడు. అంతే.

ఒకటి మాత్రం. మీ నాన్నని ఏదైనా అడిగితే కాసేపు ఊరుకుని అప్పుడు చెప్పేవాడు. ఇది మనం ఊపిరి తీసుకునేలోపలే చెప్పేస్తోంది. తప్పు పట్టడం లేదు. మామ్మకి ఆ తేడా లేదు.

నువ్వు తిను. నేను అడుగుతున్నాను కదా.

ఉంటాను.
తాత


బెంగుళూరు
సెప్టెంబరు 4

తాతా,

ఏటైంది? వారం రోజులుగా ఫోను ఆపేసి ఉంది. సుమక్కని అడిగితే, ఆ సాయంత్రం తను ఫోను నొక్కి ఇచ్చి పిల్లకి పాలు పట్టడానికి కిందికెళ్ళిందంట. తిరిగొచ్చేసరికి మామ్మ ఏడుస్తోందంట. మామ్మకి తెలిసిపోయింది అంది. రెండు రోజుల తర్వాత నువ్వు ఫోను తెచ్చి తన చేతిలో పెట్టి, ఇంక తేవద్దు అన్నావంట. ఎందుకని అడిగితే మెట్లెక్కి వెళ్ళిపోయావంట.

నువ్వే చెప్పేశావు కదా. సుమక్క లేని టైము చూసుకుని చెప్పేశావు. నీకు మొదటినుంచీ ఇష్టం లేదు. పైకి ఇష్టమన్నావు. ఒక్క ఏడాదైనా మామ్మ కడుపునిండా తినేది కదా తాతా. నిజం చెప్పి నీ మనసు తేలిక చేసుకున్నావు. తేలికయ్యిందా?

ఇలా రాయకూడదు. రాసేశాను. దిద్దను.

షెకైనా


టికియాపారా
సెప్టెంబరు 14, ఆదివారం

అమ్మా షెకైనా,

ఈ ఉత్తరం మిషనుచేత చదివించకు. అందుకే గొలుసుకట్టు మానేసి, అచ్చులాగ విడివిడిగా రాస్తున్నాను. రెండు రోజులు పట్టింది. పాటల పుస్తకంలో వేలు పెట్టి చదివినట్టే నువ్వే కూడబలుక్కుని చదువు. ఇందులో సంగతి నేను నీతో తప్ప ఎవరితోనూ చెప్పలేను.

నేను చెప్పలేదు తల్లీ. వాడే చెప్పాడు.

మనింట్లో ఫోను పెట్టేసే ముందు ప్రార్థన చేస్తారు, నీకు తెలుసు. నువ్వు హాస్టలు నుంచి చేసినా, మీ నాన్న యార్డు నుంచి చేసినా, మామ్మ ప్రార్థన చెయ్యందే ఫోను పెట్టనిచ్చేది కాదు. మధ్యలో రైలొచ్చినా సరే అవతలివాళ్ళు ఆమెన్ దాకా ఊరుకోవాలి. మతిమరుపు వచ్చాక అది మానేసింది. మర్చిపోయిందనుకున్నాం. నువ్వు మిషనుకి అది నేర్పలేదు. నాకూ తట్టలేదు.

ఆవేళ సుమ కిందికెళ్ళింది. వాడు "ఉంటానమ్మా" అన్నాడు. మామ్మ "ఉండరా, ప్రార్థన చేసుకుందాం" అంది. కొంగు తలమీద వేసుకుంది. కళ్ళు మూసుకుంది. నేను వంటగది గుమ్మంలో ఉన్నాను. ఎన్నాళ్ళయిందో దాని ప్రార్థన విని. నేనూ కళ్ళు మూసుకున్నాను.

"తండ్రీ, నా బిడ్డ జాబేజుని నీ రెక్కల కింద ఉంచు" అంది. ఒక్కో మాట అడిగి ఆగడం దాని అలవాటు, దేవుడికి వినడానికి టైమివ్వాలంటుంది. ఆగింది.

"అక్కడే ఉన్నాను కదమ్మా" అన్నాడు.

అది కళ్ళు తెరవలేదు. "నా ముసలాయన మోకాళ్ళకి బలమియ్యి" అంది.

"నాన్నని నేను చూసుకుంటానమ్మా. నువ్వు దిగులుపడకు."

ఫోను లాక్కోవాలని తెలుసు. లాక్కోలేదు.

"నన్ను ఎక్కువ రోజులు ఉంచకు ప్రభువా. బేగి నీ దగ్గరికి తీసుకుపో."

"తొందరెందుకమ్మా. నేనిక్కడే ఉంటాను. నిదానంగా రా."

మామ్మ కళ్ళు తెరిచింది. ఫోను ఒళ్ళో పెట్టుకుంది. నా వైపు తిరిగి చాలాసేపు చూసింది. ఆ చూపు నేను ఎన్నాళ్ళ నుంచో చూడలేదు, పాత దెబోరా చూపు.

"ఏటయ్యా," అంది. "నేను దేవుణ్ణి అడుగుతుంటే వీడు పలుకుతున్నాడు. వీడు ఆయన దగ్గరున్నాడేటి?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. గూడ్సు ఆలస్యమని. రాలేదు తల్లీ. తలూపాను.

"ఎప్పుడు?"

చెప్పాను. యార్డులో గుండె ఆగిపోయిందని, వెంటనే పోయాడని, బాధపడలేదని. అరవలేదు. మంచం మీద పక్కన చోటు చూపించింది, కూర్చోమని. కూర్చున్నాను. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆగి ఆగి అడిగింది.

"ఏ చొక్కా వేశారు?"

"నీలం చారలది."

"దానికి పై బొత్తాం ఊడింది కదా."

"సుమ కుట్టింది."

"మంచి పని చేసింది. పాట ఎవరు ఎత్తుకున్నారు?" అంది.

"ఎవరూ సరిగ్గా ఎత్తుకోలేదు. నువ్వుండి కూడా ఎత్తుకోలేదు."

"నేనున్నానా అక్కడ?"

"ఉన్నావు. వాడి తల దగ్గరే కూర్చున్నావు. ముఖం చూశావు. ఏడ్చావు."

"అయితే నా బిడ్డని నేను చూసే పంపానన్నమాట," అంది. ముఖం తుడుచుకుంది. కొంగుతో నా ముఖం కూడా తుడిచింది.

వాడు పోయిన రోజు నుంచి నేను ఒక్కణ్ణే ఏడ్చాను షెకైనా. పంపు దగ్గర, మొహం కడుక్కునేటప్పుడు. ఇంట్లో ఏడవడానికి లేదు, ఎందుకయ్యా అంటుంది. కొడుకు పోతే తల్లీ తండ్రీ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారు. నాకది దొరకలేదు. ఆ సాయంత్రం దొరికింది. సుమ వచ్చి చూసి భయపడింది కానీ, మేము బాగానే ఉన్నాం. పోయిన రెండేళ్ళలో మేము అంత బాగున్న రోజు లేదు.

పొద్దున్న లేచి చా తాగింది. నేను మాట్లాడదామని చూశాను. "చర్చి పక్కన సమాధి, గోడవారగా" అని మొదలుపెట్టాను. "ఎవరిదయ్యా?" అంది.

సాయంత్రం గుమ్మంలో నిలబడింది. "ఏటయ్యా, జాబేజు డ్యూటీ నుంచి రాలేదేటి?"

"వస్తాడు" అన్నాను.

అప్పుడు నా చెయ్యి అలమరలో ఫోను మీదికి వెళ్ళింది. మామ్మ తినడం కోసం కాదు. నొక్కి దాని చేతికిచ్చి, "ప్రార్థన చేసుకో" అంటే చాలు. మళ్ళీ తెలుస్తుంది. మళ్ళీ పక్కన చోటిస్తుంది, చొక్కా అడుగుతుంది, నా ముఖం తుడుస్తుంది. పొద్దున్నకి దానికి ఏమీ గుర్తుండదు. రోజూ చెయ్యొచ్చు. రోజూ దాని కొడుకుని చంపి, రోజూ నాకు తోడు తెచ్చుకోవచ్చు. అది నాకు తెలిసిపోయింది. ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాను. నొక్కడం రాదన్నాను కదా, సుమ నొక్కుతుంటే చూసి నేర్చుకున్నాను.

మర్నాడు పొద్దున్నే తీసుకెళ్ళి సుమకిచ్చేశాను. ఎందుకని అడిగితే ఏమి చెప్పను దానికి?

మీ ఆఫీసులో ఆలోచించే ఆయన వినేవాళ్ళ గురించి ఆలోచించాడు, పోయినవాడి గురించీ ఆలోచించాడు. ఫోను పట్టుకున్నవాడి గురించి కూడా ఆలోచించమని చెప్పు. ఆయన్ని తప్పు పట్టడం లేదు. నాకే తెలియదు కదా నాలో అదుందని.

మామ్మ తక్కువే తింటోంది. నేను బతిమాలుతున్నాను. గూడ్సు ఆలస్యమని చెప్తున్నాను. నా నోటితోనే.

ఆ గొంతు మా ఫోనులోంచి తీసేయ్. సుమ ఫోనులోంచి కూడా. నేను అడిగినా మళ్ళీ పెట్టొద్దని దానితో చెప్పు. నీ దగ్గరున్నది నీ ఇష్టం. తీసెయ్యమని చెప్పే హక్కు నాకు లేదు.

పూజా సెలవులకి రా. ఒక్క వారం. మామ్మ నిన్ను గుర్తుపట్టకపోవచ్చు, ఎవరమ్మా నువ్వు అంటుంది, బాధపడకు. నాకు మాటలు రావు, నీకు తెలుసు. నువ్వేమీ మాట్లాడక్కర్లేదు. వాడు పోయాడని తెలిసిన మనిషి ఈ ఇంట్లో ఇంకొకరు ఉంటే చాలు. మామ్మ పడుకున్నాక పంపు దగ్గరికెళ్దాం, దానికి వినపడకుండా.

తాత